చనిపోవుచుండుట, చనిపోవుట: ఆంగ్ల పాస్ట్ కంటిన్యువస్ క్రియయు ఉత్తరాంధ్ర తెలుగు బైబిలు అనువాదమును – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

యాయీరు యేసు పాదముల మీద పడిన సమయమున అతని కుమార్తె చనిపోయినదా, లేక చనిపోవుచున్నదా? ఇది వ్యాకరణమునకు సంబంధించిన చిన్న ప్రశ్నగా కనిపించవచ్చును. కాని దీనికి మనము చెప్పే జవాబును బట్టి ఆ తండ్రి తొందర, దారిలో జరిగిన ఆలస్యము, ఆ తరువాత వచ్చిన కబురు అన్నీ వేరు వేరుగా అర్థమగును. ఆంగ్లములో ఈ భేదమును చూపించు సాధనము పాస్ట్ కంటిన్యువస్ క్రియ. మన వేదాంత కళాశాలలలో గ్రీకు ఇంపర్ఫెక్ట్ కాలమును సాధారణముగా ఈ ఆంగ్ల క్రియ ద్వారానే బోధించుచున్నాము. విద్యార్థి గ్రీకు నుండి ఆంగ్లమునకు, ఆంగ్లము నుండి తెలుగునకు వచ్చుచున్నాడు. ఈ రెండవ మలుపులోనే చాలా అర్థము జారిపోవుచున్నది.

ఈ వ్యాసములో మేము మూడు సంగతులను పరిశీలించుచున్నాము. మొదటిది, ఒక కొత్త స్థితిలోనికి ప్రవేశించుటను ఆంగ్ల పాస్ట్ కంటిన్యువస్ ఎట్లు చెప్పును, అది ఆంగ్ల బైబిలులోనికి ఎప్పుడు వచ్చినది. రెండవది, ఆంగ్లేయ మిషనరీలు విశాఖపట్నములో తెలుగు అనువాదము మొదలుపెట్టిన కాలమున వారి చేతిలో ఏ సాధనములు ఉన్నవి. మూడవది, ఈ పని చేయుటకు తెలుగునకు స్వంతముగా ఏ మార్గములు ఉన్నవి. రాజాం, పాలకొండ, బొబ్బిలి ప్రాంతముల సంఘములలో సేవ చేయుచున్న కాపరులకును అక్కడి నుండి వచ్చిన విద్యార్థులకును ఇది ప్రత్యేకముగా ఉపయోగపడునని మా ఆశ.

1. రెండు రకముల క్రియలు

1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యమును విజయనగర ప్రభువైన పూసపాటి విజయరామరాజు సైన్యమును కలిసి దాడి చేసినవి. ఆ సమయమున తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడని మన ప్రాంత చరిత్ర చెప్పుచున్నది. ఆ దినమున రాజాంలో ఇద్దరు వార్తాహరులు వచ్చిరని అనుకుందము. ఒకడు 'కోట కూలిపోవుచున్నది' అని, మరియొకడు 'కోట కూలిపోయినది' అని చెప్పినచో, ఆ రెండు మాటలకు మధ్యనున్న దూరము ఎంత! మొదటి మాట వినినవాడు గుఱ్ఱమెక్కి సహాయమునకు పరుగెత్తును. రెండవ మాట వినినవానికి మిగిలినది దుఃఖము, పగ మాత్రమే. చరిత్రలో జరిగినది రెండవదే. కోట పడిన కొద్ది దినములలోనే విజయరామరాజు తన గుడారములో హతుడైనాడు.

'కూలిపోవుచున్నది' అనిన మాటలో ఉన్న విశేషమిది. మార్పు మొదలైనది, అది సాగుచున్నది, కాని ఇంకను ముగియలేదు. ఆగిపోవుటకు ఇంకను అవకాశమున్నది. 'నడుచుచుండెను' అనిన మాట అటువంటిది కాదు. ఒకడు నడుచుచుండెనని చెప్పిన క్షణముననే అతడు నడిచెనని కూడ చెప్పవచ్చును. 'చనిపోవుచుండెను' అనిన వెంటనే 'చనిపోయెను' అని చెప్పలేము. హిజ్కియా రోగియై మరణమునకు సమీపించెను, అయినను బ్రతికి మరి పదునైదు సంవత్సరములు జీవించెను. ఈ చిన్న పరీక్షతో ఏ క్రియనైనను ఈ రెండు తరగతులలో ఏదో ఒకదానిలో చేర్చవచ్చును.

ఈ భేదము కొత్తది కాదు. అరిస్టాటిల్ తన 'మెటాఫిజిక్స్' తొమ్మిదవ గ్రంథములో, చూచుట వంటి పనులను ఇల్లు కట్టుట వంటి పనుల నుండి వేరుచేసి చూపించాడు. చూచుచున్నవాడు చూచియే యున్నాడు. ఇల్లు కట్టుచున్నవాడు మాత్రము ఇంకను ఇల్లు కట్టియుండలేదు. ఆధునిక కాలములో జెనో వెండ్లర్ 1957లో ప్రచురించిన వ్యాసమున క్రియలను నాలుగు తరగతులుగా విభజించాడు: స్థితులు, కార్యకలాపములు, ఒక గమ్యమునకు చేరి ముగియు పనులు, క్షణములో సంభవించు మార్పులు. చనిపోవుట, చేరుట, గెలుచుట మొదలైనవి నాలుగవ తరగతికి చెందినవి. ఇవి క్షణికములు గనుక వాటికి 'నడుమ' అనునది ఉండకూడదు. అయినను ఆంగ్లము వాటిని పాస్ట్ కంటిన్యువస్‌లో వాడినప్పుడు, ఆ క్షణమునకు ముందున్న దారిని, అనగా కొత్త స్థితిలోనికి తీసికొనిపోవు మార్గమును చూపించును. 'వాజ్ డైయింగ్', 'వాజ్ సింకింగ్', 'వాజ్ బికమింగ్' అనునవి ఇట్టివే.

2. ఆంగ్ల బైబిలులో ఈ క్రియ చరిత్ర: 1611 నుండి 1881 వరకు

నేటి ఆంగ్లములో పాస్ట్ కంటిన్యువస్ లేనిదే ఒక పేజీ కూడ గడవదు. కాని అది ఎల్లప్పుడు అట్లు లేదు. ఈ రూపమునకు మూలములు ప్రాచీన ఆంగ్లములోనే ఉన్నను, దాని వాడుక 18, 19 శతాబ్దములలోనే బాగుగా విస్తరించినది. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిలులో అది తక్కువ. ఆ అనువాదకులు గ్రీకు ఇంపర్ఫెక్ట్‌ను చాలా చోట్ల సామాన్య భూతకాలముతోనే చెప్పారు.

దీని ఫలితము కొన్ని వచనములలో స్పష్టముగా కనబడును. లూకా 5:6లో వలలకు ఏమి జరిగినదో చెప్పు గ్రీకు క్రియ ఇంపర్ఫెక్ట్. వలలు చినిగిపోవుచుండెను, పూర్తిగా చినిగిపోలేదు. కింగ్ జేమ్స్ అనువాదము మాత్రము వల తెగినదని చెప్పుచున్నది. వల తెగిపోయినచో రెండు పడవలను నింపిన చేపలు ఎక్కడి నుండి వచ్చినవి? మార్కు 4:37లో తుపాను వేళ పడవ అప్పటికే నిండినదని అదే అనువాదము చెప్పుచున్నది. గ్రీకులో ఉన్నది నిండిపోవుచుండుట మాత్రమే. పూర్తిగా నిండిన పడవ మునిగిపోవును గదా! 1881లో ఇంగ్లాండులో వెలువడిన రివైజ్డ్ వెర్షన్ క్రొత్త నిబంధన ఈ రెండు చోట్లను సవరించి '-ఇంగ్' రూపమును వాడినది. వలలు చినిగిపోవుచున్నవి, పడవ నిండుచున్నది అని చెప్పినది. ఈ 270 సంవత్సరముల మధ్య మారినది గ్రీకు కాదు. గ్రీకు వ్రాతప్రతుల పరిశోధన, గ్రీకు వ్యాకరణ జ్ఞానము పెరిగినవి. వాటితోపాటు ఆంగ్ల భాషయే మారినది.

లూకా 8:42లో కింగ్ జేమ్స్ అనువాదకులు 'లే ఎ డైయింగ్' అనిన పాత రూపమును వాడారు. ఇక్కడి 'ఎ' అనునది 'ఆన్' అను విభక్తి అరిగిపోయి మిగిలిన రూపము. 'మరణించుటలో పడియుండెను' అనునది దాని సూటి భావము. ఆ చిన్నదాని స్థితిని ఆ కాలపు ఆంగ్లము ఈ విధముగా పట్టుకొనగలిగినది.

కర్మణి ప్రయోగములో ఇబ్బంది ఇంకను ఎక్కువ. 'ఇల్లు కట్టబడుచున్నది' అని చెప్పుటకు 'ఈజ్ బీయింగ్ బిల్ట్' అను రూపము 1611 నాటి ఆంగ్లములో లేదు. అది 18వ శతాబ్దపు చివరి భాగములో వాడుకలోనికి వచ్చినది. 19వ శతాబ్దములో సైతము కొందరు వ్యాకరణవేత్తలు దానిని వికృత ప్రయోగమని ఖండించారు. కాబట్టి 'రక్షింపబడుచున్నవారు' అను గ్రీకు భావమునకు 1611లో సరియైన ఆంగ్ల సాధనము లేకపోయెను. దీని పర్యవసానమును ఆరవ భాగములో చూతుము.

3. విశాఖపట్నము, 1805

తెలుగులో బైబిలు అనువాదమునకు తొలి ప్రయత్నము ఇంతకు ముందే జరిగినది. హాలే నుండి వచ్చిన బెంజమిన్ షుల్జ్ 1720ల చివర, 1730ల ఆరంభమున బైబిలును తెలుగులోనికి అనువదించారు. కాని అది అచ్చు కాలేదు. ఉత్తరాంధ్రలో పని 1805లో మొదలైనది. ఆ సంవత్సరము లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ విశాఖపట్నము చేరారు. వీరికి ఆనందరాయరు అను క్రైస్తవుడు తోడైనాడు. బ్రాహ్మణ కుటుంబము నుండి క్రీస్తును అంగీకరించిన ఈయనకు తమిళ బైబిలుతో పరిచయమున్నది. క్రాన్ 1809లోను, డెగ్రాంజ్ 1810లోను మరణించారు. వారి పని ఫలించిన మొదటి మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురములో అచ్చైనవి. అదే సంవత్సరము మార్చి 11న శ్రీరాంపురము ముద్రణాలయములో జరిగిన అగ్నిప్రమాదములో అనేక భారతీయ భాషల అచ్చు అక్షరములు కాలిపోయినవి. ఆ తరువాత విశాఖపట్నములోనే పని చేసిన ఎడ్వర్డ్ ప్రిచెట్ అనువదించిన క్రొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడినది. 19వ శతాబ్దము నడుమ జాన్ హే, వార్డ్‌లా మొదలైన విశాఖపట్నము మిషనరీలు దానిని సవరించు పనిని కొనసాగించారు. ఆ శతాబ్దపు చివరి భాగమున బొబ్బిలి, శ్రీకాకుళం, పాలకొండ కేంద్రములుగా కెనడియన్ బాప్టిస్టు మిషను పని చేసినది. రాజాం పరిసరముల సంఘములలో ఈ తెలుగు గ్రంథము చదువబడినది.

ఈ తేదీలను వ్యాకరణ గ్రంథముల తేదీలతో పోల్చి చూచినచో ఒక ముఖ్యమైన సంగతి బయటపడును. విలియం కేరీ తెలుగు వ్యాకరణము 1814లో వెలువడినది. ఏ.డి. క్యాంబెల్ వ్యాకరణము 1816లోను, సి.పి. బ్రౌన్ వ్యాకరణము 1840లోను, పరవస్తు చిన్నయసూరి 'బాలవ్యాకరణము' 1858లోను, మచిలీపట్నము మిషనరీ ఆర్డెన్ వ్యాకరణము 1873లోను వచ్చినవి. అనగా మొదటి మూడు సువార్తలు అచ్చైన నాటికి, ఆంగ్లములో వ్రాసిన ఈ తెలుగు వ్యాకరణములలో ఒకటియు వెలువడలేదు. 'ఆంగ్ల పాస్ట్ కంటిన్యువస్‌కు తెలుగులో ఈ రూపమే సమానము' అని చెప్పు పట్టిక వారి ముందు లేదు. వారికి ఆధారము ఆనందరాయరు వంటివారి చెవి, మునుషీల నోటిలోని నుడికారము. తెలుగునకు సోదరియైన తమిళములో అప్పటికే చాలా కాలముగా బైబిలు ఉండుట మరియొక తోడు.

తరువాతి కాలపు వ్యాకరణములు మనకు గొప్ప మేలు చేసినవి. అయితే అవి ఆంగ్లము చదివినవారి కొరకు వ్రాయబడినవి గనుక, ఆంగ్ల కాలముల పేర్ల క్రింద తెలుగు రూపములను అమర్చినవి. ఒక్కొక్క ఆంగ్ల కాలమునకు ఒక్కొక్క తెలుగు రూపము అని బట్టీపట్టు అలవాటు ఈ దారిలోనే మన తరగతి గదులలోనికి వచ్చినది.

4. తెలుగులోని మూడు మార్గములు

ఆంగ్లములోని 'వాజ్' తో కూడిన '-ఇంగ్' రూపము ఒక్కటే అయినను అది చేయు పనులు పెక్కు. తెలుగు ఆ పనులను వేరు వేరు రూపములకు పంచి ఇచ్చినది. మన పూర్వ వ్యాకర్తలు చెప్పిన శత్రర్థకము, క్త్వార్థకము, తుమున్నర్థకము అను మూడు పేర్లతో వీటిని గుర్తుంచుకొనవచ్చును.

మొదటిది శత్రర్థకము. 'చు' లేక వాడుకలో 'తూ' చేరిన రూపము. నడుచుచుండెను, వ్రాయుచుండెను అనిన చోట ఇది జరుగుచున్న పనిని చెప్పును. చనిపోవుచుండెను, మునిగిపోవుచుండెను, వృద్ధుడగుచుండెను, చీకటి పడుచుండెను అనిన చోట కొత్త స్థితి వైపు సాగుచున్న మార్పును చెప్పును. రూపము ఒకటే, అర్థమును నిర్ణయించునది క్రియ స్వభావము. ఈ రెండవ వాడుకలో 'పోవు', 'అగు', 'పడు' అను మూడు సహాయ క్రియలు తరచుగా కనబడును. ఇవి కనబడినప్పుడు 'ఇక్కడ ఒక స్థితి మారుచున్నది' అని పాఠకుడు మేలుకొనవలెను.

రెండవది క్త్వార్థకము. కూర్చుండి యుండెను, నిలిచి యుండెను, పండుకొని యుండెను. మార్పు ముగిసినది, దాని ఫలితమైన స్థితి నిలిచియున్నది. ఆంగ్లములో 'వాజ్ సిట్టింగ్' అనిన మాటకు సాధారణముగా తెలుగు ఇదే. దానిని '-ఇంగ్ అనగా తూ' అను సూత్రమును పట్టుకొని 'కూర్చుంటూ ఉండెను' అని చెప్పినచో, అతడు ఇంకను కూర్చుండలేదనియు, నిలువబడిన స్థితి నుండి క్రిందికి దిగుచున్నాడనియు వినువారు గ్రహించెదరు. ఆంగ్లములో నిలకడను చెప్పిన మాట తెలుగులో కొత్త స్థితిలోనికి ప్రవేశముగా మారిపోవును. సభలలో ఆంగ్ల ప్రసంగములను తెలుగు చేయువారి నోట ఈ పొరపాటు తరచుగా వినబడుచున్నది.

మూడవది తుమున్నర్థకము. క్రియ చివర 'అ' కారముతో నిలిచి మరియొక క్రియతో కలియు రూపము. మనము చదువుచున్న పాత తెలుగు బైబిలులో దీనికి మంచి ఉదాహరణలున్నవి. మార్కు 5:23లో 'చావనైయున్నది' అను పదము చూడుడి. చావు ఇంకను రాలేదు, వాకిట నిలిచియున్నది. మత్తయి 3:14లో యోహాను ప్రభువును 'నివారింపజూచెను'. గ్రీకు ఇంపర్ఫెక్ట్ చెప్పునది ప్రయత్నము మాత్రమే. కింగ్ జేమ్స్ అనువాదము యోహాను ప్రభువును వారించెనని తేల్చివేసిన చోట తెలుగు 'చూచు' అను చిన్న క్రియతో ఆ పని పూర్తికాలేదని చెప్పినది. లూకా 23:54లో విశ్రాంతిదినము మొదలగుటను గూర్చి 'కావచ్చెను' అను పదమున్నది. గ్రీకులో ఇది కూడ ఇంపర్ఫెక్టే. 'సాయంత్రం కావస్తోంది', 'పెండ్లియై పది సంవత్సరములు కావస్తున్నది' అని మన ఇండ్లలో ఈనాటికిని అనుకొనుచున్నాము గదా. అదే ఇది. ఇప్పటి యౌవనస్థులకు 'కావచ్చు' అనగా 'బహుశః' అని మాత్రమే తెలియును గనుక 'కావచ్చెను' అను పదమును సందేహార్థముగా చదువు ప్రమాదమున్నది. కాపరి దీనిని విప్పి చెప్పవలెను.

తెలుగు అనువాదము అన్ని చోట్ల ఈ సూక్ష్మమును కాపాడినదని మేము చెప్పుట లేదు. లూకా 5:6లో వలలను గూర్చి 'పిగిలిపోవుచుండగా' అను చక్కని పదము వాడిన అనువాదమే, మార్కు 4:37లో పడవను గూర్చి 'నిండిపోయెను' అని ముగించినది. ఇది కింగ్ జేమ్స్ మాటను పోలియున్నది. అట్టి చోట బోధకుడు గ్రీకును చూచి 'నిండిపోవుచుండెను' అని వివరించుట మంచిది.

5. యాయీరు ఇంటి దారి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ముగ్గురు సువార్తికులు ఈ సంఘటనను మూడు విధములుగా చెప్పుచున్నారు. మత్తయి 9:18లో తండ్రి మాట గ్రీకు అయొరిస్టులో ఉన్నది: ఆమె చనిపోయినది. మార్కు 5:23లో ఆమె తుది దశలో ఉన్నదని తండ్రియే చెప్పుచున్నాడు. లూకా 8:42లో గ్రంథకర్త 'అపెత్‌నీస్కెన్' అను ఇంపర్ఫెక్ట్‌ను వాడుచున్నాడు: ఆమె చనిపోవుచుండెను. మత్తయి కథను కుదించి చెప్పును గనుక ఆరంభముననే చివరి స్థితిని చెప్పెనని అనేక వ్యాఖ్యాతల అభిప్రాయము.

లూకాలో ఈ ఇంపర్ఫెక్ట్‌కు తరువాత 49వ వచనములో 'తెత్‌నేకెన్' అను పర్ఫెక్ట్ వచ్చును: ఆమె చనిపోయి యున్నది. ఈ రెండు క్రియలకు నడుమ ఏడు వచనముల దూరమున్నది. ఆ దూరములోనే పండ్రెండేండ్ల రక్తస్రావముగల స్త్రీ వచ్చినది, ప్రభువు ఆగెను, తనను ముట్టినవారెవరని అడిగెను. ఒక బిడ్డ ఒక స్థితి నుండి మరియొక స్థితిలోనికి పోవుచుండగా ప్రభువు దారిలో నిలిచియున్నాడు. ఆరంభముననే 'చనిపోయెను' అని మనము చెప్పివేసినచో, ఈ ఆలస్యములోని భారము అంతయు పోవును. యాయీరు నిలిచిన ప్రతి నిమిషము ఆ ఇంపర్ఫెక్ట్‌లోనిదే. ఆ స్త్రీ స్వస్థతను చూచి సంతోషించుటయా, తన బిడ్డ కొరకు వణకుటయా తెలియక నిలిచిన తండ్రిని సంఘమునకు చూపించుటకు ఒక్క క్రియ చాలును.

కొత్త స్థితిలోనికి జారుటను ఒకే క్రియ రెండు రూపములలో చూపించు చోటు అపొ.కా. 20:9. పౌలు ప్రసంగము సాగుచుండగా ఐతుకు నిద్రలోనికి జారుచున్నాడని ప్రెజెంట్ పార్టిసిపుల్ చెప్పును. నిద్రకు పూర్తిగా లోబడినవాడై పడిపోయెనని అదే క్రియ యొక్క అయొరిస్టు పార్టిసిపుల్ చెప్పును. జారుచున్నప్పుడు ప్రక్కనున్నవారు తట్టి లేపియుండవచ్చును. జారిన తరువాత అతడు మూడవ అంతస్తు నుండి క్రింద పడెను. దీర్ఘ ప్రసంగములు చేయు మన అందరికిని ఈ వచనములో వ్యాకరణముతోపాటు హెచ్చరికయు ఉన్నది.

అయితే ఒక జాగ్రత్త అవసరము. కొత్త స్థితిలోనికి ప్రవేశమును గ్రీకు ఎల్లప్పుడు ఇంపర్ఫెక్ట్‌తోనే చెప్పదు. మత్తయి 25:5లో కన్యకలు కునికిరి అనుటకు అయొరిస్టు, నిద్రించుచుండిరి అనుటకు ఇంపర్ఫెక్ట్ వచ్చినవి. ఇక్కడ ప్రవేశమును చూపించునది అయొరిస్టు, నిలకడను చూపించునది ఇంపర్ఫెక్ట్. కాబట్టి కాలము పేరును మాత్రమే చూచి అర్థము నిర్ణయింపరాదు. క్రియ ఏ తరగతికి చెందినదో కూడ చూడవలెను.

6. 'రక్షింపబడుచున్నవారు'

ఈ వ్యాకరణ విషయము సిద్ధాంతమును తాకు చోటు ఇది. 1 కొరింథీ 1:18లో పౌలు నశించుచున్నవారిని, రక్షింపబడుచున్నవారిని ఎదురెదురుగా నిలుపుచున్నాడు. గ్రీకులో రెండును ప్రెజెంట్ పార్టిసిపుల్స్. అపొ.కా. 2:47లోను అదే రూపమున్నది. కింగ్ జేమ్స్ అనువాదములో మొదటి చోట రక్షణ ముగిసిన సంగతిగా కనబడును. రెండవ చోట 'రక్షింపబడవలసినవారు' అను భావము కనబడును. ఈ రెండవ మాటను దైవ సంకల్పమును గూర్చిన వాదములలో కొందరు ఆధారముగా తీసికొన్నారు. కాని అక్కడ గ్రీకులో 'వలసిన' అనుటకు ఏ పదమును లేదు. 1881 నాటి రివైజ్డ్ వెర్షన్ అపొ.కా. 2:47లో 'వర్ బీయింగ్ సేవ్డ్' అను రూపమును వాడినది. అది కర్మణిలోని పాస్ట్ కంటిన్యువస్. అప్పటికి ఆంగ్లమునకు ఆ సాధనము కలిగినది.

మన పాత తెలుగు బైబిలు ఈ చోట్ల 'నశించుచున్న', 'రక్షింపబడుచున్న', 'పొందుచున్న' అని చెప్పుచున్నది. శత్రర్థకము తెలుగునకు మొదటి నుండి ఉన్నది గనుక కర్మణిలో వాడుటకు ఏ కొత్త రూపమును పుట్టించనక్కరలేదు. ఆంగ్లము ఎంతో కాలమునకు సంపాదించుకొన్న దానిని తెలుగు తన ఇంటిలోనే కలిగియున్నది.

అపొ.కా. 2:47ను రెండు విధములుగా గ్రహించవచ్చును. ప్రతి విశ్వాసియు రక్షణ మార్గములో సాగుచున్నాడని ఒక అర్థము. అనుదినము కొందరు కొందరుగా రక్షణలోనికి ప్రవేశించుచుండిరని మరియొక అర్థము. 'అనుదినము' అను మాట రెండవ దానికి బలమిచ్చును. ఏది తీసికొన్నను, సంఘమును తలుపు మూసిన గదిగా కాక తలుపు దగ్గర మనుష్యులు వచ్చుచున్న ఇల్లుగా ఆ క్రియ చూపించుచున్నది. మరియొక వైపు ఎఫెసీ 2:8లో పౌలు పర్ఫెక్ట్ రూపముతో ముగిసి నిలిచియున్న రక్షణను చెప్పుచున్నాడు. రోమా 5:9లో భవిష్యత్కాలమును వాడుచున్నాడు. ఈ మూడింటిలో ఒకదానినే పట్టుకొని 'నీవు రక్షింపబడితివా, లేదా?' అని మాత్రమే అడుగు బోధ, బాప్తిస్మమునకు సిద్ధపడుచు, ఇంటివారి మాటకు భయపడుచు, సగము దారిలో నిలిచినవారిని బయటివారిగా లెక్కించును. అట్టివారు మన గ్రామ సంఘములలో ఎందరో ఉన్నారు. వారి కొరకు పౌలు ఒక క్రియారూపమును ఉంచియున్నాడు.

7. రాజాం వాడుక భాష నేర్పు పాఠము

ఉత్తరాంధ్ర గ్రామములలో ఈ భేదము తెలియనివారు లేరు. 'సచ్చిపోతన్నాది' అనిన మాట వినబడినచో జనులు వైద్యుని కొరకు, కాపరి కొరకు పరుగెత్తెదరు. 'సచ్చిపోనాది' అనిన మాట వినబడినచో బంధువులకు కబురు పంపెదరు. ఏ వ్యాకరణమును చదువని తల్లియు ఈ రెండింటిని తారుమారు చేయదు. శ్రీకాకుళం ప్రాంతమున జన్మించి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా పని చేసిన గిడుగు రామమూర్తి (1863–1940) జీవితమంతయు చెప్పినది ఇదే: జనుల నోటనున్న భాషకు తనదైన క్రమమున్నది. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణము ఆ వాడుక భాషనే ఆధారముగా తీసికొన్నది.

ఇటీవలి చరిత్ర నుండి కూడ ఒక ఉదాహరణ చెప్పవచ్చును. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల పునర్విభజనకు ప్రభుత్వము 2022 జనవరిలో ప్రాథమిక ప్రకటన చేసినది. 2022 ఏప్రిల్ 4న రాజాం శ్రీకాకుళం జిల్లా నుండి విజయనగరం జిల్లాలోనికి వచ్చినది. ఆ నడుమ నెలలలో రాజాం వాసి 'మా ఊరు విజయనగరం జిల్లాలో కలుస్తోంది' అని అనవచ్చును గాని 'కలిసింది' అనలేడు. తరగతిలో 'వాజ్ బికమింగ్' అను రూపమును వివరించుటకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ రాజాం విద్యార్థికి అక్కరలేదు.

ముగింపు

పై పరిశీలన నుండి బోధకులకును విద్యార్థులకును మేము సూచించునది మూడు సంగతులు. ఒకటి, గ్రీకు ఇంపర్ఫెక్ట్ కనబడినప్పుడు ఆంగ్ల '-ఇంగ్' రూపముతో ఆగిపోక, 'ఇది జరుగుచున్న పనియా, కొత్త స్థితి వైపు సాగుచున్న మార్పా, లేక ప్రయత్నమా?' అని అడుగవలెను. రెండు, జవాబును బట్టి 'చుండెను', 'నైయుండెను', 'వచ్చెను', 'చూచెను' అను తెలుగు మార్గములలో తగినదానిని ఎన్నుకొనవలెను. నిలకడయైన స్థితికి 'కూర్చుండి యుండెను' వంటి రూపమును వాడవలెను. మూడు, ప్రసంగమునకు ముందు ఆ క్రియను గ్రామములోని ఒక పెద్ద తల్లికి చెప్పి, ఆమె ఏమి గ్రహించినదో వినవలెను.

1805లో విశాఖపట్నము చేరిన అనువాదకుల చేతిలో తెలుగు వ్యాకరణ గ్రంథము లేదు, వినుటకు చెవి ఉన్నది. నేడు మన చేతిలో గ్రంథములు అనేకము ఉన్నవి. యాయీరు కుమార్తె చనిపోవుచుండెను అను మాటను, ఆమె ఇంకను చనిపోలేదు అను ఆశతోను, చనిపోవునేమో అను భయముతోను కలిపి మన సంఘములకు వినిపించినప్పుడే ఆ గ్రంథముల ప్రయోజనము నెరవేరును.